ఎన్నాళ్ళకు, ఎంతకు

మార్కాపురం,
మే 12.

వెన్నెలా,

ఫోన్ చేయకుండా ఉత్తరమేంటి అనుకుంటున్నావు కదూ? ఫోన్లో అయితే నువ్వు పొయ్యి మీద ఏదో పెట్టి మాట్లాడతావు. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ ఒకటి పంపి తప్పించుకుంటావు. కాగితం మీద రాస్తే కూర్చుని చదవాలి, కూర్చుని జవాబు రాయాలి. హాస్టల్ నుంచి సెలవులకు వెళ్ళినప్పుడు రాసుకునేవాళ్ళం చూడు, అట్లా రాయి. ఈ సంగతి అంత నిదానంగా ఆలోచించాల్సింది.

నిన్న మన కంపెనీ మేనేజరు ఆనంద్ బాబు ఆఫీసుకు పిలిచాడు. మూడు నెలలకోసారి కొత్త కాగితం మీద సంతకం పెట్టడం, మధ్యలో పని ఆగిపోతే ఫోన్ వంక చూస్తూ కూర్చోవడం, ఇదే కదా ఐదేళ్ళుగా మన బతుకు. ఆ పద్ధతి మారుతోందట. అతని మాటల్లోనే రాస్తాను.

"చూడండి మేడం, బెంగళూరోళ్ళు రెండు రకాలుగా పెట్టినారు. ఇప్పటి మాదిరే మూడు నెలల కాగితమైతే గంటకు మూడొందల ఇరవై. పని ఉంటే ఉంటది, లేకుంటే లేదు. రెండేళ్ళ కాగితమైతే గంటకు నూట తొంభై. కానీ నెలకు నూట అరవై గంటలు గ్యారంటీ. మేము పని ఇయ్యకపోయినా డబ్బులు పడతాయి. మీరూ, గిద్దలూరు మేడమూ ఎవరికేది కావాలంటే అది తీసుకోండి."

ఇంటికొచ్చి బ్యాంకు పుస్తకం ముందేసుకుని లెక్క చూశాను. పోయిన ఏడాది పని ఉన్న నెల యాభై వేలు వచ్చింది, లేని నెల తొమ్మిది వేలు వచ్చింది. అంతా కూడితే పాత పద్ధతిలోనే కాస్త ఎక్కువ. అది నాకూ తెలుసు. కానీ మా నాయన మందులు ఏడాదికోసారి కొనేవి కావు.

నాయనను నువ్వు చూసి ఏడాది దాటింది. పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు రాయి కోసిన మనిషి, ఇప్పుడు బాత్రూముకు పోయి వచ్చేలోపు రెండుసార్లు గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. ఊపిరితిత్తుల నిండా రాతి పొడేనని డాక్టరు చెప్పాడు. ఇక దుమ్ములోకి అడుగు పెట్టకూడదన్నాడు. ఆ రాయినే మేడల గోడలకు ఎట్లా అతికించాలో, ఏ ముక్క ఎంతకు కోయాలో నేను కంప్యూటర్లో గీసి సంపాదిస్తున్నాను. నాయనకు ఇది ఎప్పుడూ ఆశ్చర్యమే.

రాత్రి అన్నం దగ్గర సంగతి చెబితే, "నెలకు ఇంతొస్తదని తెలిస్తే మీ అమ్మ అంగట్లో తలెత్తుకుని సరుకులు తెస్తది. నాకంతే చాలు తల్లీ" అన్నాడు.

నాకు రెండేళ్ళ కాగితం మీద సంతకం పెట్టాలని ఉంది. కానీ నిన్ను అడగకుండా పెట్టను. తొందరగా రాయి.

నీ
ఫెబీ


గిద్దలూరు,
మే 18.

ప్రియమైన ఫెబీ,

పెట్టకు. సంతకం పెట్టకు. ఈ ఒక్క ముక్కే టెలిగ్రాములా పంపుదామనుకున్నాను గానీ నువ్వు కూర్చుని రాయమన్నావు కాబట్టి కూర్చున్నాను.

మూడొందల ఇరవై పలికే పనిని నూట తొంభైకి ఇస్తావా? రెండేళ్ళు అనేసరికి అదేదో వాళ్ళు మనకు చేసే మేలులా వినిపిస్తుంది. వాళ్ళకు మనతో పని లేకపోతే రెండేళ్ళు కట్టేసుకోవాలని ఎందుకు చూస్తారు? ఏదో పెద్ద ఆర్డరు వచ్చి ఉంటుంది. బెంగళూరులో గీసేవాళ్ళు వేలమంది ఉంటారు. కానీ మన రాయి పొర ఎటు చీలుతుందో, ఎంత పలచన చేస్తే విరుగుతుందో తెలిసి గీసేవాళ్ళు ఎందరు? పోయినసారి వేరే ఎవరితోనో గీయించుకుని లారీ సరుకు పగలగొట్టుకున్నారు. మర్చిపోయావా?

ఇంకొకటి. రెండేళ్ళయ్యాక కొత్త కాగితం రాసేటప్పుడు మాట ఎక్కడ మొదలవుతుంది? నూట తొంభై దగ్గర. అక్కడి నుంచి పది రూపాయలు పెంచితే మనం దండం పెట్టాలి. ఒక్కసారి దిగితే మళ్ళీ ఎక్కడం ఉండదు ఫెబీ.

నా మాట విను. ఇద్దరం ఒకటే అడుగుదాం. ఏడాది కాగితం, గంటకు రెండొందల ఎనభై, నువ్వు కోరుకునే ఆ గంటల గ్యారంటీ కూడా ఉండాలి. వాళ్ళ రెండేళ్ళూ వద్దు, మన మూడొందల ఇరవయ్యీ వద్దు. ఇద్దరం కలిసి కాదంటే వాళ్ళు దిగి రాక తప్పదు. ఒక్కరు జారినా రెండోవాళ్ళ మాటకు విలువ ఉండదు. నువ్వు ఊళ్ళోనే ఉన్నావు కాబట్టి వెళ్ళి చెప్పు. నా తరఫున కూడా నువ్వే చెప్పు.

ఒకటి రెండు నెలలు ఇబ్బంది పడాల్సి రావచ్చు. పడదాం. ఇక్కడ అంతా బాగానే ఉంది. శ్రీకాంత్ ఎరువుల దుకాణం బాగా నడుస్తోంది. నాకేం తొందర లేదు.

మీ అమ్మ ఎలీషబా అత్తకు నా వందనాలు. మామను ఎండలో తిరగనివ్వకండి.

నీ
వెన్నెల


మార్కాపురం,
మే 27.

వెన్నెలా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివినప్పుడల్లా నీ మాట సరైనదే అనిపించింది. కాగితం మడిచి పక్కన పెట్టగానే భయం వేసింది.

నాలుగు రోజులు నీ మీద కోపంగా కూడా ఉన్నాను. చెప్పేస్తాను. నీకు రేటు కనపడుతుంది, నాకు నెలలు కనపడతాయి. ఎందుకంటే మీ మామ మాలకొండయ్య గారికి పద్దెనిమిది ఎకరాలుంది, మీ ఆయనకు దుకాణం ఉంది. రెండు నెలలు పని లేకపోతే నువ్వు ఆ రెండు నెలలూ నిద్రపోగలవు. పుల్లలచెరువు నుంచి మా వాళ్ళు మార్కాపురం వచ్చింది అక్కడ కూలి కూడా దొరక్క. మాకు వెనక్కి పోవడానికి గట్టు కూడా లేదు. ఇద్దరం ఒకే గది, ఒకే టేబులు మీద చదివాం గానీ, పరీక్ష తప్పితే నువ్వు పోయే ఇల్లు వేరు, నేను పోయే ఇల్లు వేరు. ఇది నిన్ను ఎత్తిపొడవడానికి కాదు. లెక్కలో ఇది కూడా వేసుకోవాలి కదా.

అయినా నీ మాటే విన్నాను. ఎందుకంటే నువ్వు రాసిన ఆ ఒక్క వాక్యం నన్ను వదల్లేదు, ఒక్కరు జారినా రెండోవాళ్ళ మాటకు విలువ ఉండదని. నేను జారితే నిన్ను ముంచినట్టే కదా అనుకున్నాను.

నిన్న ఆనంద్ బాబు దగ్గరికి వెళ్ళాను. చెప్పాను. అతను చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు.

"ఇద్దరిదీ ఇదే మాటా?"

"ఇద్దరిదీ ఇదే మాట సార్."

"మీ ఇంటి పరిస్థితి నాకు తెలుసు మేడం. మీ నాయన మా షెడ్డులో చేసినాడు. నూట తొంభై తీసుకోండి. పైవాళ్ళకు కోపమొస్తే ఇది కూడా ఎత్తేస్తారు. మీ మంచికే చెప్తా ఉండా."

వెన్నెలా, ఆ నిమిషంలో పెన్ను నా చేతికి అందేంత దూరంలో ఉంది. "లేదు సార్, ఇద్దరం మాట్లాడుకున్నాం" అని లేచి వచ్చేశాను. పై వాళ్ళను అడిగి చెబుతానన్నాడు.

నాయనకు సంగతి చెప్పాను. "ఆ పిల్ల తెలివైంది. ఆ పిల్ల చెప్పిందంటే ఆలోచించే చెప్పుంటది" అన్నాడు. అమ్మ మాత్రం నేను వెళ్ళకముందే, పోయిన ఆదివారం గుడిలో ఈ సంగతే పేరు పెట్టి ప్రార్థన చేయించింది. పాస్టరు గారు గంట రేటు గురించి ప్రార్థించడం నేను వినడం ఇదే మొదలు.

ఇప్పుడు నీ చేతిలో చెయ్యి పెట్టాను. అంతే.

నీ
ఫెబీ


గిద్దలూరు,
జూలై 30.

ప్రియమైన ఫెబీ,

నీ రెండు ఉత్తరాలకూ జవాబు రాయలేకపోయాను. ఏమీ అనుకోకు. ఇంట్లో చుట్టాలు, అత్తకు మోకాళ్ళ నొప్పులు. రోజుకు ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చుని కూర్చుని నాకు మెడ పట్టేసింది. డాక్టరు దగ్గరికి వెళ్ళి బెల్టు తెచ్చుకున్నాను.

బెంగళూరు వాళ్ళ సంగతి అడిగావు. ఇటువంటివి ఆలస్యమవుతాయి. నువ్వు ఆనంద్ బాబు దగ్గరికి మాటిమాటికీ వెళ్ళకు, మనకే అవసరం ఉన్నట్టు కనిపిస్తుంది. వాళ్ళే పిలుస్తారు. ఈలోపు కనిగిరిలోనో ఒంగోలులోనో చిన్నా చితకా పనులేమైనా చూసుకుంటే మంచిదేమో. ఒక్క కంపెనీని పట్టుకుని కూర్చోవడం కూడా తప్పే.

వర్షం ఇక్కడ లేదు. అక్కడ పడిందా?

వెన్నెల


మార్కాపురం,
సెప్టెంబరు 22.

వెన్నెలా,

జూన్‌లో అరవై గంటల పని వచ్చింది. జూలైలో ముప్పై. ఆగస్టు నుంచి ఒక్క డ్రాయింగు కూడా రాలేదు. కనిగిరిలో ఒక మార్బుల్ దుకాణం వాళ్ళకు వంటింటి అరుగుల కొలతలు గీసిస్తున్నాను. ఒక్కోదానికి నాలుగొందలు. బస్సు చార్జీ నాదే.

ఇవన్నీ నీకు రాయకూడదనుకున్నాను. నువ్వు కూడా ఇదే ఇబ్బందిలో ఉన్నావని ఊరుకున్నాను. కానీ ఈ నెలలో జరిగింది రాయక తప్పదు.

నాయన పది రోజుల పాటు పొద్దున్నే బయటికి పోయి మధ్యాహ్నానికి వచ్చేవాడు. గుడి దగ్గర గోడ కడుతున్నారు, నీడలో కూర్చుని ఇటుకలు లెక్క పెడుతున్నాడని అమ్మ చెప్పింది. అమ్మ అబద్ధం చెప్పదు కాబట్టి నమ్మాను. పోయిన వారం, బుధవారం నీళ్ళు తోడి ఇస్తుంటే, ఆయన చెవి వెనక బూడిద రంగు పొడి కనిపించింది. వేలితో తుడిచి చూశాను. ఐదేళ్ళ వయసు నుంచి చూస్తున్న పొడి అది. నన్ను ఎవరూ మోసం చేయలేరు.

"షెడ్డుకు పోతున్నావా నాయనా?"

ఆయన చెంబు కింద పెట్టాడు. "కోసేది లేదు తల్లీ. విరిగినవి ఒకపక్క, మంచివి ఒకపక్క ఏరి పెట్టేదే. కూర్చునే పని."

"దుమ్ము కూర్చున్నోళ్ళకు పట్టదా?"

"మూడొందలిస్తా ఉండారు. నీకు పని వచ్చేదాక అనుకున్నా."

అమ్మ తలుపు చాటున నిలబడి ఏడుస్తోంది. నేను ఇద్దరి మీదా అరిచాను. మళ్ళీ వెళ్ళనని ఒట్టు వేయించుకున్నాను. ఆ ఒట్టుతో పని లేకుండా పోయింది. శుక్రవారం తెల్లవారేసరికి ఆయనకు ఊపిరి అందలేదు. పెదాలు నల్లబడ్డాయి. మా తమ్ముడు స్టీఫెన్ ఆటో తెచ్చాడు. ఇక్కడ చూసి ఒంగోలుకు తీసుకుపొమ్మన్నారు. ఐదు రోజులు ఉండి నిన్న తెచ్చుకున్నాం. ఇప్పుడు ఇంట్లో గాలి మిషను పెట్టుకున్నాం, అద్దెకు. ముక్కుకు గొట్టం. అది ఎంత దూరం సాగితే అంత దూరమే ఆయన లోకం. మంచం నుంచి గడప దాకా.

ఇప్పుడు ఒక మాట సూటిగా అడుగుతున్నాను. జూలైలో నువ్వు రోజుకు ఎనిమిది గంటలు కూర్చుంటున్నానని రాశావు. అప్పుడు నాకు వచ్చింది నెల మొత్తానికి ముప్పై గంటలు. నీకు పని ఎక్కడి నుంచి వస్తోంది వెన్నెలా? వేరే కంపెనీ అయితే సంతోషమే. నాకు కూడా చెప్పు. ఇప్పుడు నేను రేటు అడిగే స్థితిలో లేను.

నీ
ఫెబీ


గిద్దలూరు,
సెప్టెంబరు 30.

ప్రియమైన ఫెబీ,

మామ సంగతి చదివి అన్నం సహించలేదు. ఆయన నాకు పలకల ముక్కలతో ఒక చిన్న పెట్టె చేసి ఇచ్చాడు, ఇంకా నా దగ్గరే ఉంది.

నీ ఫోనుకు పది వేలు పంపాను. అప్పు అనుకోకు. కూతురు పంపిందని చెప్పు. మిషను అద్దెకు పనికొస్తుంది. ఇంకా కావాలంటే మొహమాటపడకుండా అడుగు. కరెంటు పోయినప్పుడు ఏం చేస్తున్నారు? ఇన్వర్టరు పెట్టించుకోండి.

నేను రావాలనుకుంటున్నాను. వీలు చూసుకుని వస్తాను.

వెన్నెల


మార్కాపురం,
నవంబరు 10.

వెన్నెలకి,

నా ప్రశ్నకు నువ్వు జవాబు రాయలేదు. ఇన్వర్టరు గురించి రాశావు.

నాలుగో తేదీన ఆనంద్ బాబు ఆఫీసుకు వెళ్ళాను. అడగడానికి వెళ్ళలేదు, ఒప్పుకోవడానికి వెళ్ళాను. నూట తొంభై కాకపోతే నూట అరవై అయినా సరే, రెండేళ్ళు కాకపోతే ఐదేళ్ళయినా సరే, సంతకం పెడతానని చెప్పడానికి. నీకు ముందుగా చెప్పకుండా వెళ్తున్నందుకు దారంతా తప్పు చేస్తున్నట్టే ఉంది. నీ మాట దాటుతున్నాననుకున్నాను.

నేను చెప్పింది విని ఆయన నా వంక వింతగా చూశాడు.

"మీకు తెలీదా మేడం? ఆ కాగితం జూన్ మొదటి వారంలోనే అయిపోయింది గదా. గిద్దలూరు మేడం వచ్చి సంతకం పెట్టినారు."

"నూట తొంభైకా?"

"రెండొందల ముప్పైకి."

ఆయన మంచివాడే, దాచుకోవడం చేతకాదు. అన్నీ చెప్పాడు. "ఫెబీ ఎట్లాగూ రాదు సార్, ఆమె రేటు దగ్గర గట్టిగా ఉంది. ఇద్దరి పనీ నేనొక్కదాన్నే చూసుకుంటా. ఇద్దరికి గ్యారంటీ ఇచ్చేదానికన్నా నాకొక్కదానికి నలభై పెంచితే మీకే మిగులుతది" అన్నావట. "తెలివైన బేరం" అని బెంగళూరు వాళ్ళు మెచ్చుకున్నారట. ఆ మాట కూడా చెప్పాడు పాపం. నా ముఖం చూసి మంచినీళ్ళు తెప్పించాడు.

మే ఇరవై ఆరున నేను ఆ కుర్చీలో కూర్చుని ఇద్దరిదీ ఒకే మాటని చెప్పాను. పది రోజులు తిరక్కుండా నువ్వు అదే కుర్చీలో కూర్చున్నావు. గిద్దలూరు నుంచి మార్కాపురం వచ్చావు, మా ఇంటికి రాకుండా వెళ్ళిపోయావు.

భయపడి సంతకం పెట్టావంటే నాకు అర్థమయ్యేది. భయం నాకు తెలియనిదా? నాకు చెప్పి పెట్టి ఉంటే నేను కూడా నీ వెనకే వెళ్ళి నూట తొంభైకి పెట్టేదాన్ని. ఇద్దరం తిట్టుకుంటూ నవ్వుకుంటూ గీసుకునేవాళ్ళం. కానీ నువ్వు చెప్పలేదు. ఎందుకో ఈ ఆరు రోజులూ ఆలోచించాను. చెబితే నేను కూడా వస్తాను. నేను వస్తే నీకు ఆ నలభై రాదు. నేను కాదని నిలబడి ఉన్నంత కాలమే నీకు రెండొందల ముప్పై. నా మొండితనానికి గంటకు నలభై రూపాయల ధర కట్టి నువ్వు తీసుకున్నావు. అందుకే జూలైలో నన్ను ఆనంద్ బాబు దగ్గరికి వెళ్ళొద్దని రాశావు.

మా నాయన షెడ్డులో కూర్చుని విరిగిన పలకలు ఏరింది కూడా ఆ నెలల్లోనే. అది నువ్వు చేశావని అనను. వెళ్ళమని నువ్వు చెప్పలేదు. కానీ పని వస్తుంది, ఆగండి అని ఆయనకు చెప్పింది నేను, నాకు చెప్పింది నువ్వు.

నా స్కూటీ అమ్మేశాను. నీ పది వేలు ఈ రోజు ఉదయం తిరిగి పంపాను. చూసుకో.

ఫెబీ


గిద్దలూరు,
నవంబరు 20.

ఫెబీ,

డబ్బు అందింది. నువ్వు స్కూటీ అమ్మి పంపావని చదివాక దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు. అయినా పాల కార్డుకూ, కరెంటుకూ ఖర్చయిపోయింది. అది కూడా రాస్తున్నాను, నీకు నిజాలే కావాలి కాబట్టి.

నీకు జవాబు రాయకూడదనే అనుకున్నాను. కానీ నువ్వు నన్ను రాక్షసిని చేసి కూర్చుంటావు.

మే నెలలో నేను రాసిన ప్రతి అక్షరమూ నమ్మే రాశాను. నిన్ను మోసం చేయాలని రాయలేదు. ఆ ఉత్తరం పోస్టు చేసిన వారానికి శ్రీకాంత్ దుకాణానికి తాళం వేశాడు. అప్పటికి రెండేళ్ళుగా రైతులు అప్పుకు తీసుకెళ్ళిన ఎరువుల డబ్బు వెనక్కి రావడం లేదట. మిర్చి పోయింది, కంది పోయింది, ఎవరిస్తారు? నాకు ఒక్క మాట చెప్పలేదు. "బాగా నడుస్తా ఉంది" అంటే నేను నమ్మి, నీకు అదే రాశాను.

పద్దెనిమిది ఎకరాలన్నావు. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఆ భూమి మా మామ పేరున ఉంది. నాలుగు బోర్లు వేస్తే నాలుగూ ఎండిపోయాయి. అందులో నా పేరున సెంటు లేదు. అమ్మమని అడిగే హక్కు కూడా నాకు లేదు. అడిగితే, "కోడలు వచ్చి కాపురం అమ్మించింది" అంటుంది అత్త. మీ నాయన జబ్బు మీ వీధిలో అందరికీ తెలుసు, పాస్టరు ప్రార్థన చేస్తాడు, వచ్చి పలకరిస్తారు. మా ఇంట్లో సంగతి బయటికి చెప్పుకునేది కాదు. ఇస్త్రీ చీర కట్టుకుని పెళ్ళిళ్ళకు పోవాలి, చదివింపులు చదివించాలి. నేను ఆ రోజు మార్కాపురం వచ్చి మీ ఇంటికి రాలేదన్నావు. ఏ ముఖంతో రాను?

రేటు పెంచమని అడిగాను. అవును, నీ పేరు చెప్పే అడిగాను. ఆనంద్ బాబు ముందు కూర్చుంటే ఆ మాట దానంతటదే వచ్చింది. వ్యాపారంలో ఎవరైనా అదే మాట్లాడతారు. నా స్థానంలో నువ్వుంటే అడిగేదానివి కాదని నీకు అంత గట్టిగా తెలుసా?

నాకు ఇప్పుడు మూడో నెల. ఇంట్లో నెల నెలా వచ్చే డబ్బు నాది ఒక్కటే.

నన్ను క్షమించమని అడగడం లేదు. లెక్కలో ఇది కూడా వేసుకో.

వెన్నెల


గిద్దలూరు,
ఫిబ్రవరి 16.

ఫెబీ,

మూడు నెలలు చూశాను, నీ దగ్గర నుంచి ఉత్తరం వస్తుందేమోనని. రాదని తెలిసింది. అవసరం నాది కాబట్టి నేనే రాస్తున్నాను.

ఐదో నెలలోనే కాళ్ళు వాచి బీపీ పెరిగింది. కూర్చోవద్దు, పడుకునే ఉండాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పడుకుని డ్రాయింగులు గీయడం కుదరదు కదా. సెలవు కావాలని ఆనంద్ బాబుకు ఫోన్ చేశాను. కాగితం తీసి నాలుగో పేజీ చదవమన్నాడు. సంతకం పెట్టిన రోజు నేను రేటు ఉన్న పేజీ ఒక్కటే చూశాను.

వాళ్ళకు నేను వద్దనుకుంటే పదిహేను రోజుల నోటీసు ఇచ్చి తీసేయొచ్చు. నేను మధ్యలో మానేస్తే మూడు నెలల డబ్బు వెనక్కి కట్టాలి. వరసగా రెండు నెలలు గంటలు తగ్గితే మానేసినట్టే లెక్క. ఆ రెండేళ్ళు నన్ను కట్టేయడానికే గానీ వాళ్ళను కట్టేయడానికి కాదు. ఇన్నాళ్ళూ రెండేళ్ళ ధీమా అనుకుని నిద్రపోయాను. జనవరిలో నలభై గంటలు తగ్గాయి. ఈ నెల కూడా తగ్గితే అయిపోయినట్టే.

సగం పని నువ్వు చెయ్యి. నా పేరునే పంపుదాం, నీ గీత నా గీత ఒకటే, వాళ్ళు పోల్చలేరు. గంటకు నూట యాభై ఇస్తాను. ఇంకా ఇవ్వాలని ఉంది, కానీ నాకూ ఖర్చులున్నాయి. కాన్పుకు కర్నూలు తీసుకెళ్ళాలంటున్నారు. కాన్పయి నేను మళ్ళీ కూర్చునే దాకా, ఒక ఆరు నెలలు చేస్తానని మాటివ్వు. అంత కాలం ఉంటావని తెలిస్తే నాకు ధైర్యంగా ఉంటుంది.

మామ ఎలా ఉన్నాడు? అడిగే అర్హత ఉందో లేదో.

వెన్నెల


మార్కాపురం,
ఫిబ్రవరి 24.

వెన్నెల గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది.

పని చేస్తాను. మీరు అడిగారని కాదు. మార్బుల్ దుకాణం వాళ్ళు పోయిన నెల నుంచి కొలతలు తమ మేస్త్రీ చేతే రాయించుకుంటున్నారు, నాకు పని లేదు. గాలి మిషను అద్దె నెల నెలా కట్టాలి.

నూట యాభైకి చేయను. కంపెనీ మీకు గంటకు ఎంత ఇస్తోందో నాకు తెలుసు. నేను గీసిన గంటకు ఆ రెండొందల ముప్పై మొత్తం నాకు ఇవ్వాలి. ఆ గంటల మీద మీకు మిగిలేది ఏమీ ఉండదు, మీ చేతి నుంచి పోయేదీ ఉండదు. మీ కాగితం మాత్రం నిలబడుతుంది.

ఆరు నెలలకు మాట ఇవ్వను. సోమవారం డ్రాయింగులు పంపండి, శనివారం పూర్తి చేసి పంపుతాను. ఆదివారం లోపు డబ్బు పడితే మరుసటి సోమవారం పని తీసుకుంటాను. పడకపోతే తీసుకోను. మధ్యలో నాకు వేరే పని దొరికితే చెప్పకుండానే మానేస్తాను. మీరు కూడా అట్లాగే మాన్పించవచ్చు. కారణం చెప్పనక్కరలేదు. మనిద్దరికీ వారం చాలు.

నా పేరు డ్రాయింగు మీద ఉండనక్కరలేదు. ఇక ఉత్తరాలు కూడా వద్దు. కొలతల్లో సందేహాలుంటే వాట్సాప్‌లో పెట్టండి, చూసి జవాబిస్తాను.

మీరు వాపుల గురించి రాశారు. ఉప్పు తగ్గించండి, ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. ఇది మా అమ్మ చెప్పమన్నది. మీ ఉత్తరంలో సంగతి విని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆమె చెప్పమన్నది కాబట్టి రాశాను.

మా నాయన అట్లాగే ఉన్నాడు. మాట రెండు ముక్కలు చేసి మాట్లాడుతున్నాడు, మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నాడు. ఇందాక నేను రాస్తుంటే మంచం మీద నుంచి అడిగాడు.

"ఎవరికి తల్లీ... ఉత్తరం? వెన్నెలమ్మకా?"

"కాదు నాయనా. పని ఇచ్చేటామెకు" అన్నాను.

"మంచిదేనా... ఆమె?"

"తెలీదు నాయనా. ఈ వారమే చేరుతున్నా."

ఇట్లు,
రా. ఫెబీ